పసరులో దిగేది వేరు, నూనెలో దిగేది వేరు: తీగ ఫెర్న్ వైద్యం

కామెర్లు అనగానే గోదావరి డెల్టాలో ఇప్పటికీ చాలా ఇళ్ళలో ముందు వచ్చేది పసరు మాటే. పొద్దున్నే పరగడుపున మజ్జిగలోనో మేకపాలలోనో కలిపి తాగడం, ఆపైన ఉప్పూ నూనే లేని చప్పిడి పత్యం. ఆ పసరు ఎక్కువగా నేల ఉసిరి, గుంటగలగర లాంటి చేలగట్ల మొక్కలది. దేశంలో చాలాచోట్ల కొండల్లో ఉండేవాళ్ళు ఇదే పనికి వాడే మొక్క ఇంకొకటి ఉంది. చెట్లకు చుట్టుకుని పైకి పోయే ఫెర్న్ అది. శాస్త్రీయ నామం లైగోడియం ఫ్లెక్సుయోసమ్. డెల్టా నల్లమట్టి దీనికి సొంత నేల కాదు. తూర్పు కనుమల్లో, మారేడుమిల్లి, రంపచోడవరం వైపు ఉండే తేమ లోయలు, వాగుల ఒడ్లు, అడవి అంచులు దీనికి సరిపడే చోట్లు.

మందుగా దీనికున్న పేరు ఉత్త గాలిమాట అనలేం. ఎలుకల కాలేయం మీద చేసిన ప్రయోగాల్లో మేలు కనిపించింది. అయితే ఆ మేలును తీసుకొచ్చి ఇంట్లో దంచి పిండిన పసరుకు అంటగట్టడమే అసలు పొరపాటు. ఒక మొక్కలో మందు గుణం ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. ఆ గుణమున్న పదార్థం నీళ్ళలో దిగుతుందా, నూనెలో దిగుతుందా అన్నది మిగతా సగం. ఈ ఫెర్న్ విషయంలో ఆ రెండో సగమే గట్టిగా పట్టించుకోవాల్సింది.

మొక్కను గుర్తుపట్టడం

తీగలా కనిపించేది నిజానికి కాండం కాదు, ఒక్క ఆకు. అసలు కాండం నేల లోపల పైపొరలోనే అడ్డంగా పాకుతుంది, దాన్నిండా ముదురు రంగు నూగు ఉంటుంది. అక్కణ్ణుంచి లేచిన ప్రతి ఆకుకూ నడిమి ఈనె కొస ఎదుగుదల ఆగకుండా, దొరికిన ఆధారానికల్లా చుట్టుకుంటూ మీటర్ల కొద్దీ సాగిపోతుంది. దీని బంధువైన సన్నాకుల లైగోడియం మైక్రోఫిల్లమ్‌లో ఒక్క ఆకే 30 మీటర్ల దాకా పోతుంది. ఈ నిర్మాణం తెలిస్తే సేకరణ ఎలా చేయాలో కూడా తెలుస్తుంది. తీగను అడుగున కోస్తే పైనున్నదంతా ఎండిపోతుంది కానీ మొక్క చావదు, నేలలోని కాండం కొత్త ఆకు వేస్తుంది. వేరు కోసం కాండం మొత్తం పెళ్ళగిస్తే మాత్రం ఆ చోట మొక్క మళ్ళీ ఉండదు. అందుకే వేరుకు గిరాకీ పెరిగిన మందుమొక్కలు ఆకుకు గిరాకీ ఉన్న మొక్కలకన్నా త్వరగా మాయమవుతాయి.

నడిమి ఈనె మీద పొట్టి కాడ ఒకటి వచ్చి, దాని కొసన ఆకురెక్కలు జంటగా రెండు వైపులకు విడిపోతాయి. ఆ చీలిక మధ్యలో నూగు కప్పుకున్న నిద్రమొగ్గ ఒకటి ఉంటుంది. తీగ కొస తెగితే ఆ మొగ్గ లేస్తుంది. ముదిరిన పై ఆకుల అంచుల పొడవునా కొన్ని మిల్లీమీటర్ల సన్నని తమ్మెలు ఉంటాయి. ఫెర్న్‌లకు విత్తనాల బదులు ఉండే ధూళిలాంటి బీజాలే సిద్ధబీజాలు. తమ్మెలను తిప్పి భూతద్దంతో చూస్తే, అవి ఉండే సంచులు, అంటే సిద్ధబీజాశయాలు రెండు వరసల్లో, ఒక్కోదాని మీద ఒక్కో రేకు మూతతో, జడ అల్లినట్టు కనిపిస్తాయి. ఆ అంచు కనిపించనంతవరకు ఇదే మొక్క అని తేల్చి చెప్పకూడదు.

కడియం నర్సరీల్లో ఆస్పరాగస్ ఫెర్న్ అని అమ్మే సన్నాకుల తీగ అసలు ఫెర్నే కాదు, పిల్లిపీచరకు (శతావరికి) దగ్గరి బంధువు. పూలు పూస్తుంది, కాయలు కాస్తుంది. ఫెర్న్‌కు ఏ దశలోనూ పువ్వుండదు, విత్తనముండదు. తీగకు ఒక్క పువ్వో కాయో కనిపించినా అది ఈ మొక్క కాదని అక్కడే వదిలేయాలి.

వేరుతో నూనె కాచడం

ఈ ఫెర్న్ జానపద వాడుకల్లో బాగా నమోదైనవి పైపూతలే. తాజా వేళ్ళను ఆవనూనెలో మరిగించి కీళ్ళనొప్పులకు, బెణుకులకు, గజ్జి, తామర లాంటి చర్మవ్యాధులకు రాయడం ఉత్తర, తూర్పు భారతంలో ఉంది. మన వైపు ఆవనూనె వాడకం తక్కువ కాబట్టి నువ్వులనూనెతో కాచుకోవచ్చు.

ఆయుర్వేదంలో తైలపాకం లెక్క ఒకటికి నాలుగు, నాలుగుకు పదహారు. అంటే ముద్ద ఒక వంతు, నూనె నాలుగు వంతులు, నీళ్ళు పదహారు వంతులు. తాజా వేరు 50 గ్రాములైతే నూనె 200 మిల్లీలీటర్లు, నీళ్ళు 800 మిల్లీలీటర్లు. వేరు కడగడంలోనే చాలామంది తొందరపడతారు. నూగులో ఇరుక్కున్న మట్టి ఒకట్రెండు సార్లు కడిగితే పోదు. నీళ్ళు తేటగా వచ్చేదాకా, పాత పళ్ళకుంచెతో రుద్దుతూ కడగాలి. మట్టి మిగిలితే ముద్దలో గరుకు చేరి గిన్నె అడుగున మాడుతుంది. కడిగిన వేరును ముక్కలు చేసి కొద్ది నీళ్ళతో మెత్తగా రుబ్బుకోవాలి.

గిన్నె వెడల్పుగా, అడుగు మందంగా, కనీసం రెండు లీటర్లు పట్టేదై ఉండాలి. పాకం చివర్లో నురుగు పొంగుతుంది, చిన్న గిన్నెలో అది పొయ్యి మీద పడితే మంట అంటుకుంటుంది. సన్నని సెగ మీద, అడుగంటకుండా కలుపుతూ కాయాలి. నీళ్ళున్నంతసేపు చిటపటలు వినిపిస్తాయి. అవి తగ్గి, నూనె మీద నురుగు లేవడం మొదలైతే పాకం దగ్గరపడినట్టు. అప్పుడు ముద్దలోంచి కాస్త తీసి, చల్లారాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూడాలి. వేళ్ళకు అంటుకుని జావలా ఉంటే ఇంకా నీళ్ళున్నాయి. వత్తిలా సాగి నిలబడి, ఆ వత్తిని మంటలో పెట్టినప్పుడు చిటపటమనకపోతే నీళ్ళు పోయినట్టు. ఆ క్షణమే దించాలి. ఇంకో ఐదు నిమిషాలు చూద్దామని ఉంచితే ముద్ద నల్లగా గట్టిపడి నూనెకు మాడువాసన పడుతుంది. ముందే దించితే మిగిలిన తడి వల్ల కొద్దిరోజులకే నూనె ముక్కిపోతుంది, అడుగున బూజు కడుతుంది. వేడిగా ఉండగానే పొడిబట్టలో వడకట్టి, తడిలేని గాజుసీసాలో పోయాలి.

వాడే ముందు ముంజేయి లోపలి వైపు రూపాయి బిళ్ళంత మేర రాసి ఒక రోజు ఆగాలి. ఎర్రబడినా దురద పెట్టినా ఆ నూనె వద్దు. తెగిన గాయాల మీద అసలు రాయకూడదు. నేలలోంచి తీసిన వేరుతో ఇంట్లో తయారైన నూనెను సూక్ష్మజీవులు లేనిదని నమ్మలేం, ధనుర్వాతం కలిగించే బ్యాక్టీరియా ఉండేది మట్టిలోనే. షుగర్ ఉన్నవాళ్ళ కాలిపుండ్లకు ఇది మరీ ప్రమాదం. ఈ మొక్కలోంచి లైగోడినోలైడ్ అనే కొత్త పదార్థాన్ని వేరుచేసి 1990లో రసాయనశాస్త్ర పత్రికలో వివరించారు. అలాంటివి చూసి ఈ నూనె గాయాలకు మందనుకోకూడదు, శుద్ధిచేసిన పదార్థం మీద చేసే పరిశోధనకూ, ఇంటి నూనెను పచ్చి గాయం మీద పోయడానికీ మధ్య చాలా దూరముంది.

బెణుకుకు రాయొచ్చు. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు మాత్రం గట్టిగా మర్దనా చేయకూడదు, వాపు పెరుగుతుంది. కాలు మోపలేకపోతుంటే ముందు ఎక్స్‌రే తీయించాలి. ఇక గజ్జి. అది చర్మంలో బొరియలు చేసే పురుగు వల్ల వచ్చేది. నూనె రాస్తే దురద ఒకటి రెండు రోజులు తగ్గినట్టుంటుంది, పురుగు అలాగే ఉంటుంది. ఐదు శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి పాదాల దాకా రాత్రి రాసి ఉదయం కడుక్కోవడం, వారం తర్వాత మరోసారి రాయడం, ఇంట్లో అందరూ ఒకేరోజు రాసుకోవడం, ఇదీ దానికి చికిత్స. దురద ఉన్న ఒక్కరికే రాసి ఊరుకోవడం వల్లే డెల్టా ఊళ్ళ హాస్టళ్ళలో అయినా, ఇళ్ళలో అయినా గజ్జి తిరిగి తిరిగి వస్తుంది.

కామెర్లకు పసరు

తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీ పరిశోధకులు 2006లో ఈ ఫెర్న్ మీద పత్రాలు వెలువరించారు. కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే రసాయనంతో ఎలుకల కాలేయాన్ని దెబ్బతీసి, ఫెర్న్ నుంచి తీసిన సారం ఇచ్చినప్పుడు ఆ నష్టం తగ్గిందని చూపారు. ఇంటర్నెట్‌లో ఈ మొక్క గురించి రాసేవాళ్ళు ఇక్కడితో ఆగిపోతారు. ఆ సారం దేనితో తీశారన్నది చెప్పరు. అది హెక్సేన్‌తో తీసిన సారం.

హెక్సేన్ డెల్టా వాళ్ళకు కొత్త కాదు. బియ్యం మిల్లుల తవుడులోంచి చివరి చుక్క దాకా నూనె లాగడానికి సాల్వెంట్ ప్లాంట్లలో వాడే ద్రావణి అదే. పెట్రోలియం నుంచి వచ్చే ఈ ద్రావణి కొవ్వుల్ని, మైనాల్ని, స్టెరాల్ జాతి పదార్థాల్ని కరిగించుకుంటుంది, నీళ్ళలో కరిగేవాటిని ముట్టుకోదు. తర్వాత దాన్ని ఆవిరిగా పంపేస్తే జిడ్డుసారం మిగులుతుంది. ఎలుకలకు ఇచ్చింది అలాంటిదే. ఆకు దంచి బట్టలో పిండిన పసరు దీనికి దాదాపు పూర్తి వ్యతిరేకం. అందులో నీళ్ళలో దిగే చక్కెరలు, వగరుపదార్థాలు, లవణాలు నిండుగా ఉంటాయి, జిడ్డు పదార్థాల్లో చాలాభాగం పిప్పిలోనే ఉండిపోతుంది. నీళ్ళ కషాయానికీ ఇదే వర్తిస్తుంది. ఒక వంతు మందుకు పదహారు వంతుల నీళ్ళు పోసి ఎనిమిదో వంతుకు దించినా నీళ్ళు నీళ్ళే. పాత వాడుకల్లో ఆ ప్రయోగశాల సారానికి కాస్తో కూస్తో దగ్గరగా వచ్చేది పైన చెప్పిన నూనెపాకమే, అది మళ్ళీ లోపలికి తీసుకునేది కాదు. అంటే 2006 ఫలితాన్ని చూపించి పసరు తాగమనడం ఒక మందు పరీక్షించి ఇంకో మందు ఇవ్వడమే.

ఇంకో తేడా కూడా ఉంది. ఎలుకల కాలేయాన్ని చెడగొట్టింది విషరసాయనం. డెల్టాలో కామెర్లకు ప్రధాన కారణాల్లో ఒకటి తాగునీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌లు. వేసవిలో కాలువలు కట్టేశాక ఊరి మంచినీళ్ళ చెరువు అడుగంటినప్పుడు, వరదల్లో లంకల బోర్లు, చెరువులు మునిగినప్పుడు మురుగు తాగునీటిలో కలుస్తుంది. వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడటానికి రెండు వారాల నుంచి రెండు నెలలకు పైగా పడుతుంది. వరద తీసి, రోడ్లు ఆరి, అందరూ మర్చిపోయాక ఊళ్ళో ఒకరి తర్వాత ఒకరికి కళ్ళు పచ్చబడతాయి. నీళ్ళకూ జబ్బుకూ ఉన్న సంబంధం కనిపించకుండా పోవడానికి ఈ ఆలస్యమే కారణం.

ఈ రెండు వైరస్‌లలోనూ ఎక్కువమందికి కామెర్లు కొన్ని వారాల్లో వాటంతటవే దిగిపోతాయి. కళ్ళు బాగా పచ్చబడ్డాకే పసరుకు వెళ్తారు, అంటే జబ్బు శిఖరానికి చేరాక. ఆ తర్వాత దారి దిగుడే. ఆ సమయంలో నేల ఉసిరి ఇచ్చినా, తీగ ఫెర్న్ ఇచ్చినా, ఉత్త మజ్జిగ ఇచ్చినా పదిమందిలో ఎక్కువమంది కోలుకుంటారు. పసరు ఇచ్చేవారిని మోసగాళ్ళనడం దీనికి అర్థం కాదు, వాళ్ళలో చాలామంది డబ్బు తీసుకోకుండా నమ్మకంగా ఇస్తారు. వాళ్ళ కళ్ళ ముందు జనం కోలుకుంటున్న మాట నిజమే. కోలుకోనివాళ్ళు మళ్ళీ వాళ్ళ దగ్గరికి రారు, కాకినాడకో రాజమండ్రికో పోతారు. కాబట్టి ఆ లెక్క వాళ్ళకు తెలిసే వీలు లేదు.

అసలు భయపడాల్సింది అలా దిగిపోని కామెర్ల గురించి. గర్భిణికి చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఈ వస్తే మరణాలు 20 నుంచి 25 శాతం దాకా ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ స్థితిలో మూడు రోజుల పసరు, మూడు రోజుల పత్యం అంటే ఆరు విలువైన రోజులు పోయినట్టు. పైగా ఈ ఫెర్న్‌కు సంతాన నిరోధక గుణం ఉందని చెబుతూ 1980లోనే మన దేశంలో పరిశోధన పత్రం వెలువడింది. గర్భంతో ఉన్నవాళ్ళు, గర్భం కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు దీన్ని ఏ రూపంలోనూ లోపలికి తీసుకోకూడదని చెప్పడానికి ఆ ఒక్క సూచనే చాలు.

పిత్తనాళంలో రాయి అడ్డుపడ్డా, గడ్డ ఉన్నా కామెర్లే వస్తాయి. అప్పుడు మలం సుద్దముక్కలా తెల్లబడుతుంది, ఒళ్ళంతా దురద, కొందరికి చలిజ్వరం. దీనికి అడ్డు తీయడమే వైద్యం, ఏ ఆకూ రాయిని తీయదు. మత్తుగా పడి ఉండటం, మాట తడబడటం, రాత్రి మేలుకుని పగలు నిద్రపోవడం, చిగుళ్ళ నుంచి రక్తం రావడం కాలేయం చేతులెత్తేస్తోందనడానికి గుర్తులు. వాటిలో ఏదొకటి కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. మామూలుగా ఉన్న రోగికి కూడా బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్షలు మొదట్లోనే చేయించాలి. కళ్ళను పచ్చబరిచే బిలిరుబిన్ ఎంత ఉందో అందరూ అడుగుతారు, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసి, కాలేయం ఎంత పనిచేస్తోందో చెప్పేది మాత్రం ఐఎన్‌ఆర్. అది పెరుగుతుంటే బిలిరుబిన్ తక్కువున్నా ఊరుకోకూడదు.

చప్పిడి పత్యానికీ పెద్ద ఆధారం లేదు. కాలేయం దెబ్బతిన్నప్పుడు ఒంటికి చక్కెర నిల్వలు తగ్గుతాయి, ఆకలి ఎలాగూ ఉండదు. అన్నం మాన్పిస్తే నీరసం, కళ్ళు తిరగడం పెరుగుతాయి. వికారం ఉంటే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. మానాల్సింది సారా, మద్యం. జ్వరానికి లెక్క లేకుండా మింగే పారాసిటమాల్ మాత్రలు కూడా. ముక్కులో పసరు చుక్కలు వేయడం, ముంజేతి మీద వాతలు పెట్టడం లాంటివి ఇంకా జరుగుతూనే ఉన్నాయి. వాటివల్ల వచ్చేవి పుండ్లే, కామెర్లు ఒక్క రోజు ముందు కూడా తగ్గవు.

చైనా బంగారు పొడి

ఇదే కుటుంబంలోని లైగోడియం జపానికమ్ సిద్ధబీజాల పొడి చైనా వైద్యంలో హై జిన్ షా పేరుతో వాడుకలో ఉంది. మూత్రంలో మంట, రాళ్ళు దాని ప్రధాన ఉపయోగాలు, మన దగ్గర కొండపిండి కషాయం తాగే సందర్భాలే. అక్కడి అధికారిక ఔషధ గ్రంథం చెప్పే మోతాదు 6 నుంచి 15 గ్రాములు, బట్టలో మూటకట్టి మరిగించాలి. మూట కట్టకపోతే పొడి నీటిపై తేలి, గిన్నె అంచులకు అంటుకుంటుంది, మామూలు జల్లెడలో వడకట్టినా దిగిపోతుంది. శరదృతువులో సిద్ధబీజాలు రాలకముందే తీగలు కోసి, కాగితం మీద ఎండబెట్టి, రుద్ది రాల్చి, పుల్లలు ఏరేస్తారు.

ఈ పొడిలో కల్తీ సులువు, సన్న ఇసుకో ఇటుకపొడో కలిపినా రంగు కలిసిపోతుంది. అసలు పొడి పసుపు కలిసిన గోధుమరంగులో, చాలా తేలిగ్గా, అరచేతిలో పోస్తే వేళ్ళ సందుల్లోంచి జారిపోయేలా ఉంటుంది. గ్లాసు నీళ్ళ మీద చిటికెడు చల్లితే తేలుతుంది, ఇసుక మునుగుతుంది. చిటికెడు మంటలో వేస్తే చిటపటమని భగ్గున వెలిగి, బూడిద మిగల్చకుండా పోతుంది. ఈ పరీక్షకు చిటికెడు మించి వేయకూడదు, గాలిలో ఎగిరిన పొడి ఒక్కసారిగా అంటుకుంటుంది. ఒక జాతి గురించి చైనాలో ఉన్న మోతాదును మన కొండల్లోని మరో జాతికి వర్తింపచేయడం కూడా సరికాదు. రాయి ఎంత సైజో, ఎక్కడుందో స్కాన్‌లో చూడకుండా ఏ పొడీ మొదలుపెట్టకూడదు. నొప్పితోపాటు జ్వరం ఉంటే, మూత్రం ఆగిపోతే అది ఇంటి వైద్యానికి సమయం కాదు.

డెల్టాలో పెంచాలంటే

మొక్క మీద ఆసక్తితో పెంచుకునేవాళ్ళకు ముందు అడ్డుపడేది నేలే. ఒండ్రు బంకమట్టిలో నీరు నిలిచి కాండం కుళ్ళుతుంది. తీరప్రాంతపు ఉప్పదనమున్న బోరునీటితో ఆకు కొసలు మాడతాయి. కుండీలో ఎర్రమట్టి రెండు వంతులు, కొబ్బరి పొట్టు రెండు వంతులు, బాగా చివికిన ఆకుఎరువు ఒక వంతు సరిపోతుంది. కోనసీమలో పొట్టుకు కొదవలేదు, కానీ పచ్చి పొట్టులో లవణాలుంటాయి. మంచినీళ్ళలో రాత్రంతా నానబెట్టి పిండేయడం కనీసం మూడుసార్లు చేయాలి, పిండిన నీరు ముదురు టీరంగు నుంచి లేత రంగుకు రావాలి. యాభై శాతం షేడ్ నెట్ కింద, ఎక్కడానికి కొబ్బరితాడో వెదురుపుల్లో ఇచ్చి, మట్టి తడి ఆరకుండా, నీళ్ళు నిలవకుండా చూసుకుంటే చాలు. తొలకరికి కాండాన్ని ముక్కలు చేసి నాటడం తేలిక. ఒక్కో ముక్కకు పెరిగే కొస ఒకటి, కాసిని వేళ్ళు ఉండాలి, ఒట్టి మధ్యముక్కలు చాలావరకు కుళ్ళిపోతాయి.

అమ్మకానికి పెంచే నర్సరీలు ఒకటి గుర్తుంచుకోవాలి. సన్నాకుల లైగోడియం మైక్రోఫిల్లమ్ అమెరికాలోని ఫ్లోరిడాలో 1958లో నర్సరీ మొక్కగానే మొదట నమోదైంది. 1960ల్లోనే తడినేలల్లోకి పాకింది. చెట్లను దుప్పటిలా కప్పేసి వెలుగు అందనీయకుండా చేయడం ఒక నష్టం, కార్చిచ్చు దాని ఎండుతీగల మీదుగా చెట్టు కొమ్మల దాకా ఎగబాకడం ఇంకో నష్టం. దాన్ని తినే చిమ్మెటను 2008లో తెచ్చి వదలాల్సి వచ్చింది. ఒక్క సిద్ధబీజం గాలిలో కొట్టుకొచ్చి పడినా, దాన్నుంచే తనంత తాను కొత్త మొక్క రాగలదు కాబట్టి కొత్తచోట గుంపులుగా పెరగడానికి జంట అక్కర్లేదు. ఫ్లెక్సుయోసమ్ మన దేశపు మొక్కే అయినా ఆయిల్ పామ్, రబ్బరు తోటల్లో కలుపుగా పేరుంది. ఉమ్మడి పశ్చిమ గోదావరి మెట్టలో ఆయిల్ పామ్ ఎంత విస్తరించిందో తెలిసినవాళ్ళు దీన్ని తోట కంచెల మీద వదిలేయరు. తమ్మెలున్న ముదురు ఆకులను, తమ్మెలు గోధుమరంగు తిరగకముందే, తడిపి కోయాలి. పొడిగా ఉన్నప్పుడు కోస్తే కత్తెర తగిలిన ప్రతిసారీ పొడి గాలిలోకి లేస్తుంది. కోసినవాటిని కాలువలోకి విసరకుండా గోనెసంచిలో మూటకట్టి కాల్చేయాలి.